చెన్నైలో అక్క చదివిన హైస్కూల్లోనే తమ్ముణ్ణి కూడా వేయాలా?

మార్చి వచ్చిందంటే మా చుట్టాల్లో ఎవరో ఒకరు ఫోన్ చేసి ఇదే అడుగుతారు. "పెద్దది మన వీధి చివరి స్కూల్లోనే చదువుతోంది కదా. చిన్నవాణ్ణీ అక్కడే వేసేయమంటావా, వీడినైనా ఇంకో మంచి స్కూల్లో వేద్దామా?" ఆ "వీడినైనా" అన్న మాట దగ్గర నాకు మనసు చివుక్కుమంటుంది. పెద్దదాని చదువు ఏదో తక్కువైపోయినట్టు ఆ పిల్ల వినేలాగే అంటారు.

మేం ముగ్గురం తోబుట్టువులం. అక్క, అన్న, నేను వ్యాసర్పాడిలో ఇంటికి రెండు వీధుల అవతల ఉన్న ఒకే హైస్కూల్లో చదువుకున్నాం. రైల్వే పనులకీ రైలు పెట్టెలు చేసే ఐసీఎఫ్‌కీ వచ్చి పెరంబూరు, విల్లివాక్కం చుట్టుపక్కల స్థిరపడ్డ చాలా తెలుగు కుటుంబాల్లాగే మాదీ ఇంట్లో తెలుగు, గడప దాటితే తమిళం. నా పిల్లలిద్దరూ కూడా ఒక్క ఏడాది తప్ప ఒకే స్కూల్లో చదివారు. ఆ ఒక్క ఏడాది ఎందుకు తప్పిందో కింద రాశాను. ఈ విషయంలో నాకు తెలిసినదాంట్లో సగం అప్పుడు నేర్చుకున్నదే.

ముందు చూసుకోవాల్సినవి

అన్నిటికంటే ముందు పిల్లల మధ్య ఎన్నేళ్ళ ఎడం ఉందో చూడండి. ఫీజులు, రిజల్ట్ బోర్డులు, పక్కింటివాళ్ళ సలహాలు అన్నీ దాని తర్వాతే. ఆరు నుంచి పన్నెండు దాకా ఉన్న స్కూలైతే మొత్తం ఏడేళ్ళు. ఇద్దరి మధ్య రెండేళ్ళ ఎడం ఉంటే అయిదేళ్ళు కలిసి వెళ్తారు. నాలుగేళ్ళ ఎడమైతే మూడేళ్ళే. ఏడేళ్ళ ఎడం ఉంటే అక్క బయటికి వచ్చాకే తమ్ముడు లోపలికి వెళ్తాడు. పదో తరగతి వరకే ఉన్న స్కూలైతే అయిదేళ్ళ ఎడానికే ఆ సంగతి తేలిపోతుంది. "ఇద్దరూ ఒకే స్కూలైతే తోడుగా ఉంటారు" అని అందరూ అంటారు కదా, ఆ తోడు మీ ఇంట్లో నిజంగా ఎన్నేళ్ళు ఉంటుందో వేళ్ళ మీద లెక్కపెట్టుకోండి.

ఎడం పెరిగేకొద్దీ ఇంకో సంగతి కూడా ఉంది. గేటు అదే, యూనిఫాం అదే అయినా లోపల చదువు మారిపోతుంది. మా అక్క ప్లస్ టూ (మన ఇంటర్ లాంటిది) రాసినప్పుడు మొత్తం మార్కులు 1200. ఇప్పుడు 600. అప్పట్లో స్టేట్ బోర్డు సిలబస్ వేరు, ప్రైవేటు మెట్రిక్యులేషన్ స్కూళ్ళ సిలబస్ వేరు. 2010లో సమచ్చీర్ కల్వి (అందరికీ ఒకే చదువు) చట్టం వచ్చాక రెంటికీ ఒకటే అయింది.

అంత వెనక్కి పోనక్కర్లేదు, నా పిల్లల్నే చూడండి. ఇద్దరి మధ్య నాలుగేళ్ళే. అమ్మాయి అసలు పదో తరగతి పబ్లిక్ పరీక్షే రాయలేదు. 2021లో కోవిడ్ వల్ల రాష్ట్రమంతా అందరినీ పాస్ చేశారు. దాని మొదటి పబ్లిక్ పరీక్ష 2022లో రాసిన పదకొండో తరగతిది. బాబు 2025లో పదో తరగతి పూర్తిగా రాశాడు. వాడు పదకొండులోకి వచ్చిన ఏడాదే, 2025 ఆగస్టులో విడుదలైన రాష్ట్ర విద్యా విధానంతో పదకొండుకి పబ్లిక్ పరీక్ష తీసేశారు. ఒకే స్కూలు, నాలుగేళ్ళ తేడా, అక్క పడ్డ టెన్షన్ ఒకటి, తమ్ముడు పడ్డది ఇంకొకటి. కాబట్టి పెద్దపిల్ల అనుభవం చూసి "ఆ స్కూలు ఇలా ఉంటుంది" అని చిన్నవాడికి చెప్పకండి. ఎడం మూడేళ్ళు దాటితే ఆ స్కూల్ని కొత్త స్కూలు చూసినట్టే మళ్ళీ వెళ్ళి చూడాలి. హెచ్‌ఎం ఉన్నారో మారారో, లెక్కల టీచరు ఎవరో, ఏ సెక్షన్లు మూసేశారో అడగాలి.

రెండోది భాష. మన తెలుగువాళ్ళకి ఇది ఇంకా ముఖ్యం. 2006లో వచ్చిన తమిళం నేర్చుకునే చట్టం ప్రకారం పదో తరగతి దాకా మొదటి భాషగా తమిళం తప్పనిసరి. ఒకటో తరగతితో మొదలై ఏడాదికో తరగతి చొప్పున పెరుగుతూ 2015-16కి పదో తరగతికి చేరింది. ఆ తర్వాత భాషా మైనారిటీ స్కూళ్ళ పిల్లలకి పదో తరగతి తమిళం పేపరు నుంచి కోర్టులు మినహాయింపు ఇస్తూ వచ్చాయి. 2023 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు దాన్ని ఇంకో ఏడాది పొడిగించింది. ఇది ఎందుకు చెబుతున్నానంటే, అక్క తెలుగు మొదటి భాషగా రాసి గట్టెక్కింది కదా అని తమ్ముడికీ అదే దారి ఉంటుందనుకుని కూర్చోకూడదు. ఏటేటా కోర్టు ఇచ్చిన వెసులుబాటు అది. చిన్నవాడికి చిన్న తరగతుల నుంచే తమిళం రాయడం, చదవడం గట్టిగా రావాలి. తెలుగు ఇంట్లో నేర్పుకోవాలి, లేదా ఐచ్ఛిక భాషగా తెలుగు చెప్పే స్కూలు వెతుక్కోవాలి.

మూడోది దూరం. ఇది మ్యాపులో కనిపించే దూరం కాదు, అక్టోబరు నుంచి డిసెంబరు దాకా వానల్లో కనిపించే దూరం. మా వైపు రైలు పట్టాల కింద ఉన్న గణేశపురం సబ్‌వే ఒక్కటి నీళ్ళతో నిండిందంటే చాలు, అవతలికి పోవాల్సిన వ్యాన్లన్నీ చుట్టుదారి పట్టేవి.

ఖర్చు, ప్లస్ టూలో ఏ గ్రూపులు ఉన్నాయి, టీచర్లు పెద్దపిల్లని ఎలా గుర్తుపెట్టుకున్నారు అన్నవి మిగతావి. చివరిగా పిల్లవాడికి ఏం కావాలన్నది. దీన్ని చివర్లో రాశాను గానీ, ఆఖరున అడగాల్సిన ప్రశ్న కాదు. నేను ఆఖరున అడిగి తప్పు చేశాను.

మొదటి దారి: ఇద్దరూ దగ్గర్లోని అదే స్కూలు

దీని బలం పొద్దున్న ఇంట్లో కనిపిస్తుంది. ఒకటే టైము, ఒకటే సెలవులు, ఒకటే పేరెంట్స్ మీటింగు. స్టేట్ సిలబస్ స్కూళ్ళలో సెప్టెంబరులో క్వార్టర్లీ, డిసెంబరులో హాఫ్ ఇయర్లీ, తర్వాత యాన్యువల్. సెలవులన్నీ ఇద్దరికీ కలిసి వస్తాయి కాబట్టి నెల్లూరో తిరుపతో ఊరికి పోవాలంటే ఒకటే టికెట్ బుకింగ్.

పుస్తకాలు కూడా కలిసొస్తాయి. స్టేట్ బోర్డు పుస్తకాలు 2018, 2019లో కొత్తవి వచ్చాయి. మా అమ్మాయి తొమ్మిది, పది పుస్తకాలే బాబు చదివాడు. దాని సైన్సు పుస్తకంలో బొమ్మల పక్కన పెన్సిల్‌తో రాసుకున్న తమిళ మాటలు చూసి వాడు సగం పాఠాలు అర్థం చేసుకున్నాడు. సీబీఎస్‌ఈ అయితే ఈ మధ్య ఆ సౌలభ్యం తగ్గింది. ఎన్‌సీఈఆర్‌టీ కొత్త పుస్తకాలు 2024లో మూడు, ఆరు తరగతులకి, 2025లో నాలుగు, అయిదు, ఏడు, ఎనిమిదికి వచ్చాయి. రెండేళ్ళ ఎడం ఉన్నా అక్క పుస్తకం తమ్ముడికి పనికిరాకపోవచ్చు.

యూనిఫాం సంగతి మా ఇంట్లో జరిగిందే చెబుతాను. అక్క స్కర్టు మడత విప్పి నాకు పొడుగు చేసింది అమ్మ. ఆ మడత ఉన్నచోట ముదురు నీలం రంగు గీత ఒకటి, మిగతా గుడ్డంతా వెలిసిపోయి. రెండేళ్ళు ఆ గీతతోనే స్కూలుకి వెళ్ళాను. అప్పట్లో సిగ్గుగా ఉండేది. మా క్లాసులో అలాంటి గీతలున్న స్కర్టులు ఇంకో అయిదారు ఉండేవి. వాటిని బట్టే ఎవరికి అక్కలున్నారో తెలిసేది.

ఇక బరువు సంగతి. ఆరో తరగతిలో మొదటి రోజు లెక్కల సారు అటెండెన్స్ పిలుస్తూ నా పేరు దగ్గర ఆగి, అక్క పేరు చెప్పి, "నువ్వు ఆమె తంగచ్చివా (చెల్లివా)?" అన్నారు. అవునన్నాను. "అయితే నీకు లెక్కలు చెప్పక్కర్లేదు" అన్నారు. ఆయన మెచ్చుకోలుగానే అన్నారు. కానీ ఆ మాట నా మీద అయిదేళ్ళు కూర్చుంది. నాకు లెక్కలు రావు. అడిగితే అక్క పరువు పోతుందని అడగలేదు. అన్న సంగతి ఇంకోలా ఉండేది. వాడు బాగా అల్లరి. వాడి తర్వాత వచ్చిన నన్ను కొందరు టీచర్లు మొదటి నెలంతా అనుమానంగా చూశారు. ఒకే ఇంటి నుంచి వచ్చిన ఇద్దరి పేర్లు రెండు వైపుల నుంచీ నా మీద పడ్డాయి.

ఈ దారి ఎవరికి బాగుంటుంది: ఎడం మూడేళ్ళ లోపు ఉన్నవాళ్ళకి, ఇద్దరూ ఉద్యోగాలకి పోయే తల్లిదండ్రులకి, కొత్తచోట త్వరగా కలవలేని పిల్లలకి. పెద్దపిల్ల స్కూల్లో మరీ బాగా పేరు తెచ్చుకున్నా, మరీ చెడ్డపేరు తెచ్చుకున్నా, చిన్నదాన్ని చేర్పించిన వారంలోనే క్లాస్ టీచర్ని కలిసి ఒక్క మాట చెప్పండి: "ఈమెని ఈమెగా చూడండి మేడమ్, వాళ్ళక్కతో పోల్చవద్దు." మా అమ్మ ఆ మాట చెప్పలేదు. చెప్పాలని ఆమెకి తట్టి ఉండదు.

రెండో దారి: ఒకే స్కూలు, వేరే మీడియం

ప్రభుత్వ సాయంతో నడిచే ఎయిడెడ్ స్కూళ్ళలో తమిళ మీడియం, ఇంగ్లీష్ మీడియం రెండూ ఉండటం మామూలే. అక్క ఇంగ్లీష్ మీడియం, తమ్ముడు తమిళ మీడియం, లేదా ఇటుది అటు. దీని గురించి తెలుగు ఇళ్ళల్లో పెద్దగా ఆలోచించరు గానీ, లెక్కలోకి తీసుకోవాల్సిన సంగతులు రెండున్నాయి. రాష్ట్ర ప్రభుత్వ ఉద్యోగాల్లో తమిళ మీడియంలో చదివినవాళ్ళకి 20 శాతం కోటా ఉంది. కానీ 2020 సవరణ తర్వాత ఒకటో తరగతి నుంచీ తమిళ మీడియంలోనే చదివి ఉండాలి. మధ్యలో ఆరో తరగతిలో మార్చి ఆ కోటా వస్తుందని ఆశపడొద్దు. రెండోది, ఎయిడెడ్ స్కూల్లో తమిళ మీడియంలో ఆరు నుంచి పన్నెండు దాకా చదివిన పిల్లలకి కాలేజీలో నెలకి 1000 రూపాయలిచ్చే పథకాలు వర్తిస్తాయి. ఆడపిల్లలకి పుదుమై పెణ్, మగపిల్లలకి తమిళ్ పుదల్వన్.

ఇంట్లో తెలుగే మాట్లాడే పిల్లవాడు తమిళ మీడియంలో సైన్సు, సోషల్ చదవడం ఎంతవరకు సాధ్యమన్నది వాడి తమిళాన్ని బట్టి ఉంటుంది. వీధిలో ఆడుకునేటప్పుడు మాట్లాడే తమిళం వేరు, పరీక్షలో రాయాల్సిన తమిళం వేరు. ఏడో తరగతి సోషల్ పుస్తకంలో ఒక పేజీ చదివించి చూడండి. పది నిమిషాల్లో తేలిపోతుంది.

మూడో దారి: తలో స్కూలు

నేను చేసిన తప్పు ఇక్కడిదే. బాబు ఏడో తరగతి అయ్యాక, అక్కేమో అదే స్కూల్లో ప్లస్ టూకి వచ్చింది, వీడు దాని నీడలో పడిపోతున్నాడని నాకు దిగులు పట్టుకుంది. 2022లో వాణ్ణి దూరంగా ఉన్న ఒక సీబీఎస్‌ఈ స్కూల్లో ఎనిమిదిలో వేశాం. వ్యాన్ పొద్దున్న 6:40కి. సాయంత్రం అయిదు దాటాక వచ్చేది. వానాకాలంలో సబ్‌వే నిండిన రోజుల్లో ఏడయ్యేది. రెండు నెలలకి వాడు వ్యాన్లోంచి దిగేటప్పటికే నిద్రలో ఉండేవాడు. బూట్లు విప్పకుండానే సోఫాలో పడిపోయేవాడు. నేనే విప్పేదాన్ని. స్కూల్లో మాట్లాడితే వ్యాన్ రూటు తమ చేతిలో లేదన్నారు.

అంతకంటే పెద్ద దెబ్బ తమిళంలో తగిలింది. అక్కడ వాడు హిందీ రెండో భాషగా తీసుకున్నాడు. తమిళం పేరుకి ఉండేది. ఏడాది తర్వాత మళ్ళీ పాత స్కూల్లో తొమ్మిదిలో వేస్తే, మొదటి భాష తమిళంలో తోటివాళ్ళ కంటే ఏడాది వెనకబడ్డాడు. ఆ ఏడాది నింపడానికి పదో తరగతి దాకా ట్యూషన్ పెట్టాల్సొచ్చింది.

తిరిగొచ్చాక ఒకరోజు వాడు అడిగాడు: "అమ్మా, నన్నెందుకు మార్చావు? నాకక్కడ బాగానే ఉంది కదా." అక్కతో పోలుస్తున్నారని నీకు బాధగా లేదా అన్నాను. "అక్క మంచిదే కదా, పోలిస్తే ఏం?" అన్నాడు. నా లెక్కల సారు ఎప్పుడో రిటైరయ్యారు. ఆయన మాట మోస్తున్నది నేను. వాడు కాదు.

అయినా తలో స్కూలు తప్పనే అననుగాక అనను. అది సరైన దారి అయ్యే ఇళ్ళు ఉన్నాయి. పిల్లవాడికి చదవడంలో ప్రత్యేక ఇబ్బంది ఉండి, దానికి తగ్గ టీచర్లు ఇంకో స్కూల్లో ఉంటే దూరమైనా అక్కడికే పంపాలి. ఆటల్లోనో పాటలోనో గట్టిగా ఉన్న పిల్లకి దానికి తగ్గ స్కూలు కావాలి. ఉద్యోగరీత్యా మీరు రెండు మూడేళ్ళలో వేరే రాష్ట్రానికి వెళ్ళబోతుంటే చిన్నవాడికి సీబీఎస్‌ఈ నయం, ఎక్కడైనా కలుస్తుంది. పెద్దదానికి తమిళనాడులోనే ప్లస్ టూ అయిపోతుందనుకుంటే దాన్ని కదపక్కర్లేదు.

సెలవుల సంగతి మాత్రం మర్చిపోవద్దు. చాలా సీబీఎస్‌ఈ స్కూళ్ళు ఏప్రిల్‌లోనే కొత్త తరగతి మొదలుపెడతాయి. స్టేట్ సిలబస్ స్కూళ్ళు జూన్‌లో. ఒకరికి సెలవులున్నప్పుడు ఇంకొకరికి క్లాసులు. ఆ నెలల్లో ఇంట్లో ఎవరుంటారు అన్నది ముందే తేల్చుకోవాలి.

నాలుగో దారి: పది దాకా ఒకటే, ప్లస్ టూకి విడివిడిగా

చాలా ఇళ్ళకి ఇది సరిపోతుందని నా అభిప్రాయం. చిన్నప్పుడు కావాల్సింది దగ్గర, తోడు. పదిహేనేళ్ళకి కావాల్సింది గ్రూపు. దగ్గర్లోని స్కూల్లో బయో-మ్యాథ్స్ ఉండి కామర్స్ లేకపోవచ్చు, లేదా కంప్యూటర్ సైన్స్ గ్రూపుకి సీట్లు తక్కువ ఉండొచ్చు. అక్క తీసుకున్న గ్రూపే తమ్ముడికీ అంటగట్టడం మన ఇళ్ళల్లో ఎక్కువ. స్కూలు మారడానికి పదకొండు మంచి మెట్టు, ఎందుకంటే అక్కడ అందరూ కొత్తగా సర్దుకునేవాళ్ళే. పైగా ఇప్పుడు పదకొండుకి పబ్లిక్ పరీక్ష లేదు కాబట్టి కొత్తచోట కుదురుకోవడానికి కొంచెం ఊపిరి ఆడుతుంది. ఎనిమిదిలో, తొమ్మిదిలో మార్చడం కంటే ఇది వెయ్యి రెట్లు మేలు.

అయిదో దారి: చిన్నవాణ్ణి ప్రభుత్వ స్కూల్లో

దీని గురించి మాట్లాడటానికి చాలామంది మొహమాటపడతారు, కానీ ఇందులో అక్కకీ తమ్ముడికీ మధ్య నిజమైన తేడా ఒకటుంది. 2020 చట్టంతో మెడికల్ సీట్లలో ప్రభుత్వ స్కూలు పిల్లలకి 7.5 శాతం ప్రత్యేక కోటా వచ్చింది. 2021 నుంచి ఇంజనీరింగ్ లాంటి కోర్సులకీ ఉంది. మామూలు షరతు ఏమంటే ఆరు నుంచి పన్నెండు దాకా ప్రభుత్వ స్కూల్లోనే చదివి ఉండాలి. కార్పొరేషన్ వాళ్ళ చెన్నై హైయర్ సెకండరీ స్కూళ్ళు దీని కిందకి వస్తాయి. ఎయిడెడ్ స్కూళ్ళు రావు. ప్రైవేటు స్కూల్లో ఫీజు కట్టి తొమ్మిదికి వచ్చేసిన అక్కని ఇప్పుడు మార్చినా ఆ కోటా రాదు. అయిదు పూర్తి చేయబోతున్న తమ్ముడికి మాత్రం ఆ తలుపు తెరిచే ఉంది. మీ వార్డులోని స్కూలు బాగుంటే, "అక్కని ప్రైవేటులో చదివించి వీణ్ణి ప్రభుత్వంలోనా" అన్న మాటకి భయపడి ఆ తలుపు మూసుకోకండి.

ఖర్చు గురించి నాలుగు మాటలు

ప్రైవేటు స్కూళ్ళ ఫీజుని 2009 చట్టం కింద ఏర్పడిన ఫీజు నిర్ణయ కమిటీ ఖరారు చేస్తుంది. ఆ లెక్క అడిగి తీసుకోండి. ఒకే ఇంటి నుంచి రెండో పిల్లకి ఇచ్చే తగ్గింపు స్కూలు ఇష్టం. అక్కకి ఇచ్చారు కదా అని నోటి మాట మీద ఉండకుండా కాగితం మీద రాయించుకోండి.

విద్యాహక్కు చట్టం కింద 25 శాతం సీట్లలో చేరిన పిల్లలకి ఉచితం ఎనిమిదో తరగతి వరకే. తొమ్మిదిలోకి రాగానే పూర్తి ఫీజు మీద పడుతుంది. అక్క తొమ్మిదికి, తమ్ముడు ఆరుకి ఒకే జూన్‌లో వచ్చే ఇళ్ళు ఈ లెక్క రెండేళ్ళ ముందే వేసుకోవాలి. ఇంకో సంగతి, ఆ కోటాలో సీట్ల కంటే దరఖాస్తులు ఎక్కువైతే లాటరీ తీస్తారు. అక్కకి వచ్చిందని తమ్ముడికి వస్తుందన్న భరోసా లేదు. ఎనిమిదో తరగతి వరకు చేర్చుకునేటప్పుడు పిల్లకి గానీ తల్లిదండ్రులకి గానీ పరీక్ష, ఇంటర్వ్యూ పెట్టకూడదన్నది మాత్రం అదే చట్టంలో ఉంది.

ప్రభుత్వ, ఎయిడెడ్ పిల్లలకి ఎంటీసీ బస్సులో ఉచిత పాస్ ఉంది. దూరం స్కూలు ఎంచుకునేటప్పుడు వ్యాన్ ఫీజుని పక్కన పెట్టి పోల్చకండి. మా ఇంట్లో ఆ ఏడాది వ్యాన్ ఖర్చు, తమిళం ట్యూషన్ ఖర్చు కలిపితే పాత స్కూలు ఏడాది ఫీజు కంటే ఎక్కువైంది.

ఒకచోట పెట్టి చూస్తే

| చూడాల్సింది | ఇద్దరూ అదే స్కూలు | తలో స్కూలు | ప్లస్ టూకి మార్పు | చిన్నవాడు ప్రభుత్వంలో |
|---|---|---|---|---|
| సరిపోయే ఎడం | మూడేళ్ళ లోపు | ఎంతైనా | ఎంతైనా | నాలుగేళ్ళు, ఆ పైన |
| రోజూ రాకపోకలు | సులువు | కష్టం | ఆ రెండేళ్ళే కష్టం | వార్డులో ఉంటే సులువు |
| తమిళం | కొనసాగుతుంది | తెగిపోయే ప్రమాదం | కొనసాగుతుంది | గట్టిపడుతుంది |
| పోలికల బరువు | ఎక్కువ | తక్కువ | పదో తరగతి దాకా ఉంటుంది | లేదు |
| సెలవులు | కలుస్తాయి | బోర్డులు వేరైతే కలవవు | చాలావరకు కలుస్తాయి | చాలావరకు కలుస్తాయి |
| ఖర్చు | మధ్యస్థం | ఎక్కువ | స్కూలుని బట్టి | చాలా తక్కువ |

మీడియం మార్చే రెండో దారిని ఇందులో పెట్టలేదు. దాని మంచిచెడ్డలన్నీ పిల్లవాడి తమిళం మీదే ఆధారపడతాయి.

మీ ఇల్లు ఎలాంటిదైతే ఏది

రెండేళ్ళ ఎడం ఉన్న అక్కాచెల్లెళ్ళు, అమ్మానాన్నలిద్దరూ పనికిపోతారు: ఇద్దర్నీ దగ్గర్లోనే వేయండి. ఆలోచించాల్సినంత విషయం కూడా లేదు. వానలో ఒకే గొడుగు కింద నడిచి ఇంటికొచ్చే ఇద్దరిని చూస్తే మీకే తెలుస్తుంది.

కవలలైతే ఒకే స్కూలు, వేర్వేరు సెక్షన్లు అడగండి. చాలా స్కూళ్ళు ఒప్పుకుంటాయి.

నెల్లూరు, ఒంగోలు వైపు నుంచి ఈమధ్యే చెన్నైకి బదిలీ మీద వచ్చినవాళ్ళు ఉంటారు, పెద్దది ఎనిమిదిలో, చిన్నవాడు రెండులో. ఇక్కడ ఇద్దరికీ ఒకే స్కూలు వెతకడం చాలా కష్టం. పెద్దదానికి తమిళం మొదటి భాషగా రెండేళ్ళలో పదో తరగతికి సిద్ధం కావడం భారం. దానికి సీబీఎస్‌ఈ చూడండి, అక్కడ తమిళం ఏ స్థాయిలో చెబుతారో, పరీక్షలో లెక్కకొస్తుందో చేరేముందే అడగండి. చిన్నవాడికి వయసు తోడుంది, ఏడాదిలో తమిళం పట్టేస్తాడు. వాణ్ణి ఇంటి పక్క స్కూల్లో వేసినా ఫరవాలేదు. ఇద్దరికీ ఒకటే చేయాలన్న పట్టుదల ఈ ఇంట్లో పెద్దదాన్నే ఇబ్బంది పెడుతుంది.

పెద్దవాడు ఆ స్కూల్లో బాగా దెబ్బతిన్నాడు, కొట్టారో, నలుగురిలో అవమానించారో. అప్పుడు ఎడం ఎంతైనా సరే, ఎంత దగ్గరైనా సరే, చిన్నదాన్ని అక్కడ వేయకండి. "అది వేరే టీచరు" అని మనసుకి సర్దిచెప్పుకుంటాం గానీ, రోజూ ఆ గేటు దాకా చెల్లెల్ని దింపాల్సింది ఆ అన్నే.

నిర్ణయించే ముందు, మార్చేటప్పుడు

స్కూల్లో కలిసి అడగాల్సినవి: అక్కకి చెప్పిన టీచర్లలో ఎవరున్నారు, ఎవరు వెళ్ళారు. ప్లస్ టూలో ఈ ఏడాది ఏ గ్రూపులు నడుస్తున్నాయి. తెలుగు ఐచ్ఛికంగా ఉందా, దానికి టీచరు ఉన్నారా లేక కాగితం మీదేనా. ఈ చివరి ప్రశ్నకి "ఉంది ఉంది" అంటే, ఆ టీచర్ని ఒకసారి కలుస్తామని అడగండి.

మార్చాలని తేల్చుకుంటే టీసీ గురించి భయపడొద్దు. ఫీజు వసూలు కోసం టీసీని ఆయుధంగా వాడకూడదనీ, అందులో బకాయి సంగతి రాయకూడదనీ 2024 జులైలో మద్రాసు హైకోర్టు చెప్పింది. కొత్త స్కూలు కూడా టీసీ ఉంటేనే చేర్చుకుంటామని పట్టుబట్టకూడదని అదే తీర్పులో అంది.

తమ్ముడికి అయిదో తరగతి హాఫ్ ఇయర్లీ అయ్యేనాటికి ఈ ఆలోచన ఒక కొలిక్కి రావాలి. జనవరిలో పొంగల్ సెలవులయ్యాక ఒక మామూలు పనిరోజు పొద్దున్నే వాణ్ణి వెంటబెట్టుకుని, అక్క స్కూలు గేటు దగ్గర పావుగంట నిలబడండి. మర్నాడు అదే టైముకి రెండో స్కూలు దగ్గర. అక్క వినని చోట, టీ కొట్టు బల్ల మీద కూర్చోబెట్టి, ఏది కావాలో వాణ్ణే అడగండి.